ఆడపిల్లలకి రివర్సు గేరు మినహాయింపు

ఆడపిల్లల మెడలు సుకుమారమైనవని ప్రభుత్వపరంగా మొట్టమొదట కనిపెట్టినవారు మా కమాండెంటు గారు. దాన్ని ఉత్తర్వుగా రాసిపెట్టినవాణ్ణి నేను. ఈ రెండు పనుల్లో ఏది గొప్పదో పాఠకులే తేల్చుకోవాలి.

నా పేరు కోటంరాజు సీతాపతి. మిలటరీ డ్రైవర్లకి శిక్షణ ఇచ్చే ఒక కేంద్రంలో హెడ్ గుమాస్తాని. నాకు సైకిలు తొక్కడం కూడా రాదు. అయినా సైన్యంలో ఇవాళ లారీలు తోలుతున్నవాళ్ళలో చాలామంది నేను డ్రాఫ్టు చేసిన నిబంధనల ప్రకారమే తోలుతున్నారు. ఆ సంగతి వాళ్ళకి తెలియదు. తెలిస్తే ఇంకొంచెం జాగ్రత్తగా తోలేవాళ్ళేమో.

మా కేంద్రానికి మొదటిసారిగా ఆడపిల్లల బ్యాచి వస్తోందని పైనుంచి కబురొచ్చింది. పదహారు మంది. కమాండెంటు కల్నల్ త్రివిక్రమరావు గారు ఆ కబురు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివి, వెంటనే మీటింగు పెట్టారు. మీటింగులో ఉన్నది ఆయన, నేను, డ్రైవింగు నేర్పే సుబేదార్ అప్పలస్వామి.

"గత సంవత్సరం మన పురుష శిక్షణార్థులు వాహనాలను వెనక్కి నడుపు సందర్భంలో కూలదోసినవి చదవండి," అన్నారు కమాండెంటు గారు.

నేను చదివాను. మెస్సు గోడ, మంచినీళ్ళ కుళాయి, డాక్టరు గారి స్కూటరు, మళ్ళీ కట్టిన మెస్సు గోడ, ఆ గోడని గుద్దరాదని రాయించి పెట్టిన బోర్డు.

"చూశారా? బలిష్ఠమైన మెడలు గల పురుషులే వెనక్కి తిరిగి చూస్తూ ఇంతటి విధ్వంసం సృష్టించగా, సుకుమారమైన మెడలు గల స్త్రీల విషయం ఏమిటి? వారిని ఆ ప్రమాదంలోకి నెట్టడం మర్యాదేనా?"

అప్పలస్వామి గారిది శ్రీకాకుళం వైపు. పాతికేళ్ళుగా డ్రైవింగు నేర్పుతున్న మనిషి. "మెడలకేటయ్యింది బాబూ? అద్దంలో సూసుకోకుండా కుర్రోళ్ళు గుద్దేసినారు. ఆడపిల్లలైతే అద్దం సూసుకుంతారు గదా," అన్నాడు.

"సుబేదార్, మీరు అనుభవంతో మాట్లాడుతున్నారు. ఇక్కడ కావలసింది విధానం," అన్నారు కమాండెంటు గారు.

ఆ సాయంత్రమే నేను విధానం తయారుచేశాను. మహిళా శిక్షణార్థుల గ్రీవ సంరక్షణార్థం వారికి రివర్సు గేరు నుంచి సంపూర్ణ మినహాయింపు. పొరపాటున కూడా ఆ గేరు పడకుండా వాళ్ళ లారీలన్నిటికీ గేరు రాడ్డు పక్కన ఇనప పట్టీ వెల్డింగు చేయించాలి. వాళ్ళు చూసి నేర్చుకునే ప్రమాదం ఉంది కాబట్టి వాళ్ళకి నేర్పే బోధకులు సైతం రివర్సు చేయరాదు. "గ్రీవ సంరక్షణార్థం" అన్న మాట దగ్గర కమాండెంటు గారు ఆగి, నా వంక గౌరవంగా చూశారు. అలా చూడటం అదే మొదటిసారి.

పిల్లలు వచ్చారు. మొదటిరోజు వాళ్ళని వరసగా నిలబెట్టి కమాండెంటు గారు ఈ శుభవార్త చెప్పారు. చప్పట్లు కొడతారని అందరం అనుకున్నాం. వరస చివర్నించి ఒక చెయ్యి లేచింది. ఆ అమ్మాయి పేరు గుబ్బల సత్యవేణి. రావులపాలెం పక్కన లంక గ్రామం వాళ్ళది. అరటి గెలల వ్యాను తోలుకుంటూ పెరిగిన పిల్ల.

"ఆయ్, నాకు రివర్సు వచ్చండి. మా కాలవ గట్ల మీద ఎదురుగా బండొస్తే ఎవరో ఒకళ్ళు ఎనక్కి తియ్యాల్సిందేనండి. రోజూ ఉండే పనేనండి అది," అంది.

"రావచ్చు. కాని రాకూడదు," అన్నారు కమాండెంటు గారు.

"వచ్చేసిందాన్ని ఏం చెయ్యమంటారండీ?"

ఆయన నావైపు తిరిగారు. ఉత్తర్వులో దీనికి జవాబు లేదు. ప్రస్తుతానికి మర్చిపోవలసిందిగా ఆ అమ్మాయికి నేను సూచించాను.

శిక్షణ మొదలైంది. పదహారు మందీ పొద్దున్నే లారీల కింద దూరి ఆయిలు చూసి, టైర్లు తన్ని చూసి, ఎక్కి కూర్చునేవాళ్ళు. ముందుకి వెళ్ళడంలో వాళ్ళకి వంక పెట్టడానికేం లేదు. చిక్కంతా ఆగిన చోట వచ్చింది. మొదటిరోజు సాయంత్రం లారీలన్నీ షెడ్డులోకి ముందు ముఖంగా వెళ్ళి నిలబడ్డాయి. మర్నాడు బయటికి రావాలంటే వెనక్కి రావాలి. వెనక్కి రాకూడదు. కమాండెంటు గారు ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. షెడ్డు వెనక గోడ కొట్టించేశారు. లారీలు అటునుంచి అటే దర్జాగా బయటికొచ్చాయి.

వచ్చాక ఎటు వెళ్ళాలి? వెనక్కి తీయనక్కరలేని రోడ్డంటే గుండ్రంగా ఉండాలి. అందుకని కేంద్రం చుట్టూ ఒక వలయం గీశాం. దానికి ప్రగతి పథం అని పేరు పెట్టి, అడుగడుగునా బాణాలు వేయించాం. ఆ వలయం మెస్సు వంటగది మీదుగా పోయింది. వంటగదిని జరిపాం. బ్యాడ్మింటన్ కోర్టు మీదుగా పోయింది. ఆఫీసర్లు లారీ వచ్చినప్పుడల్లా నెట్టు పైకెత్తి పట్టుకునేవాళ్ళు. కమాండెంటు గారి బంగళా పెరట్లోంచి కూడా పోయింది. వారి శ్రీమతి గారు ఎంతో ముచ్చటపడి వేయించుకున్న మల్లెపందిరి పోయింది. ఆ తర్వాత వారింట్లో భోజనాల నాణ్యత తగ్గినట్టు కమాండెంటు గారి ముఖం చూస్తే తెలిసేది.

చివరికి ప్రగతి పథం మా ఆఫీసు వరండాలోకి వచ్చింది. నా బల్ల ఒక పక్క, బీరువా ఇంకో పక్క, మధ్యలో లారీలు. బీరువాలోంచి ఫైలు తీసుకోవాలంటే అటూ ఇటూ చూసి దాటాల్సి వచ్చేది. మెస్సు నుంచి నా టీ గ్లాసు కూడా లారీలోనే వచ్చేది. సత్యవేణి కిటికీలోంచి వంగి, "బాబాయ్ గారండీ, పట్టుకోండి, చల్లారిపోద్ది," అని అందించి, లారీ ఆపకుండానే వెళ్ళిపోయేది. ఒక్క చుక్క ఒలికేది కాదు. ఇంత బాగా తోలే పిల్లకి మెడ ఎంత సుకుమారమైనదో కదా అని నాకు జాలేసేది.

ఈలోగా పైనుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. శిక్షణ ముగింపు పరీక్షకి, తనిఖీకి జనరల్ గారే స్వయంగా వస్తున్నారు. పరీక్షలో రివర్సు తప్పనిసరి. అది తప్పితే డ్రైవరు బ్యాడ్జీ లేదు. బ్యాడ్జీ రానివాళ్ళందర్నీ టెలిఫోన్ల దగ్గరికి మార్చి, ఆడపిల్లలకి ఈ పని పనికిరాదని నిర్ణయించి, రెండో బ్యాచి రద్దు చేస్తారు.

ఈ సంగతి తెలిసి సత్యవేణి, అప్పలస్వామి గారితో కలిసి కమాండెంటు గారి గదికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"నేర్పనిదాంట్లో పరీక్షేంటండీ?" అంది.

"అమ్మాయీ, మీకు నేర్చుకోవడం నుంచి మినహాయింపు ఇచ్చాం. రావడం నుంచి ఇవ్వలేదు," అన్నారాయన, పరమ శాంతంగా.

"పోనీ ఆ పట్టీ తీయించండి. మా వాళ్ళకి నేనే నేర్పుకుంటాను. నాలుగు రోజులు చాలండి."

"వెల్డింగుకి మంజూరు ఉంది. విప్పడానికి లేదు."

అప్పలస్వామి గారు ఉండబట్టలేక, "ఈ పిల్లలు పరీక్ష తప్పితే ఆడోళ్ళకి డ్రైవింగు రాదని రాసేస్తారు బాబూ. మనమే సేతులు కట్టేసి, ఈత రాదనేత్తే ఎలాగ?" అన్నాడు. కమాండెంటు గారు కిటికీ దగ్గరికి వెళ్ళి, మల్లెపందిరి పోయిన తమ పెరటి వైపు చూడసాగారు.

బయటికొచ్చాక సత్యవేణి నా బల్ల దగ్గర ఆగింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయిగాని కిందికి రానివ్వలేదు. "మా చెల్లండి, పెద్దింట్లని దాని పేరు, రెండో బ్యాచికి దరఖాస్తు రాసిందండి, బాబాయ్ గారూ. నేను వ్యాను తోలుతుంటే మా ఊళ్ళో నవ్వినోళ్ళే ఎక్కువండి. అది మాత్రం పక్కసీట్లో కూచుని హారను కొట్టేది. ఇప్పుడు దానికేం చెప్పమంటారు?" అంది. ఒక లారీ వచ్చి మా ఇద్దరి మధ్యనుంచి వెళ్ళింది. అది దాటేసరికి ఆ అమ్మాయి లేదు.

తనిఖీ రోజు వచ్చింది. జనరల్ గారికి స్వాగతం చెప్పడానికి కమాండెంటు గారు, ఫైళ్ళు పట్టుకుని నేను గేటు దగ్గరికి వెళ్ళాం. జనరల్ గారు మమ్మల్ని తమ జెండా కార్లోనే ఎక్కించుకున్నారు. కారు తోలేది హవల్దార్ ఓబులేసు. కడప మనిషి, మాట తక్కువ. గేటు నుంచి పరీక్ష జరిగే మైదానానికి పోయే పాత రోడ్డుని ప్రగతి పథం మింగేసింది కాబట్టి కారు ఆ పథం మీదకే ఎక్కింది, బాణాలకి ఎదురుగా. బాణాలు జెండా కారుకి వర్తించవు.

మధ్యలో ఒక కల్వర్టు ఉంది. ఒక్క బండి మాత్రమే పడుతుంది. కింద డ్రైనేజీ, రాత్రి వానకి రెండు పక్కలా బురద. కారు సగం దాటేసరికి ఎదురుగా లారీ వచ్చి ముక్కు ముక్కుకి ఆనేంత దగ్గరగా ఆగింది. లోపల సత్యవేణి, పక్కన అప్పలస్వామి గారు. వెనక, బాణాల ప్రకారం చుట్టూ తిరిగి మైదానానికి వెళుతున్న జనరల్ గారి భోజనం, బిర్యానీ దేక్సాలతో సహా. ఆ లారీ వెనక ఇంకో పదిహేను లారీలు.

"వాళ్ళని వెనక్కి తీయమనండి," అన్నారు జనరల్ గారు.

"వారికి మినహాయింపు ఉంది సార్," అన్నారు కమాండెంటు గారు, గర్వంగా. గ్రీవ సంరక్షణ గురించి నేను వివరించాను. జనరల్ గారు చాలాసేపు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశారు.

"పోనీ, మన కారు వెనక్కి తీస్తే?" అన్నాను.

కమాండెంటు గారు నిటారుగా అయిపోయారు. "సీతాపతీ! జెండా గల కారు శత్రువు ఎదుటగాని, మిత్రుడి ఎదుటగాని వెనక్కి పోదు. అది మన దళం ఆచారం."

"పోదు," అన్నారు జనరల్ గారు కూడా. కొంచెం నీరసంగా.

దిగి నడిచి వెళ్ళవచ్చు గదా అని మీరనవచ్చు. జనరల్ నడుచుకుంటూ వచ్చాడంటే వాహనాలన్నీ శత్రువు పాలయ్యాయని అర్థం. అలాంటి పుకారు పుడితే ఎవరు జవాబుదారీ? అక్కడే కూర్చున్నాం. ఎండ ఎక్కింది. కార్లో ఉక్కపోత. లారీలోంచి బిర్యానీ వాసన సన్నగా వస్తోంది. ఈ పరిస్థితిని అధ్యయనం చేయడానికి కమాండెంటు గారు ఒక కమిటీ వేస్తానన్నారు. జనరల్ గారి కడుపులోంచి ఒక శబ్దం వచ్చింది. దాన్ని మేం అనంగీకారంగా భావించాం.

"ముందుకి పోలేం, వెనక్కి పోకూడదు. మూడో దారి ఏదైనా ఏడిచిందా?" అన్నారాయన.

నా బుర్రలో ఏదో వెలిగింది. నా సర్వీసు మొత్తం మీద అలాంటిది మళ్ళీ వెలగలేదు.

"ఉంది సార్. ముందు అంటే ఏమిటి? తమరి ముఖం ఎటు ఉంటే అదే సైన్యానికి ముందు. తమరు వెనక అద్దం వైపు తిరిగి కూర్చుని, జెండా వెనక బంపరుకి కట్టిస్తే, కారు ఇటు పోయినా ముందుకి పోయినట్టే."

కమాండెంటు గారు నన్ను చూసిన చూపు గ్రీవ సంరక్షణ నాటి చూపుని మించిపోయింది. జనరల్ గారు ఇంకోసారి బిర్యానీ వాసన పీల్చి, బూట్లు విప్పి, వెనక సీటు మీద మోకాళ్ళ మీద నిలబడి, సీటు అంచు పట్టుకుని వెనక అద్దంలోంచి చూశారు. నేను దిగి జెండాని ఫైలు దారంతో వెనక బంపరుకి కట్టి, మళ్ళీ ఎక్కాను. ఇక కారు కదలాలి.

ఓబులేసు స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఏమయింది?" అన్నారు జనరల్ గారు, వెనక్కి చూస్తూనే.

"నాకు రాదు సార్."

"ఏం రాదు?"

"ఎనక్కి తీసేది. ఇన్నేండ్లు జెండా కారే తోల్తి. ఒక్కనాడన్నా ఎనక్కి పోనిస్తిరా మీరు? మర్సిపోతి."

కమాండెంటు గారు తల పట్టుకున్నారు. వారికి సొంతంగా డ్రైవింగు రాదు. నా సంగతి ముందే చెప్పాను. అందరం ఆశగా లారీలో ఉన్న అప్పలస్వామి గారి వైపు చూశాం. ఆయన నెమ్మదిగా దిగొచ్చాడు.

"నానెలాగ సేత్తాను బాబూ? ఆడపిల్లలకి సెప్పే బోధకుడు కూడా సెయ్యకూడదని రాసినారు గదా. పదహారు మందీ సూత్తన్నారు," అని చేతులు కట్టుకుని, సత్యవేణి వైపు తిరిగి, చూసీ చూడనట్టు తల ఊపాడు.

సత్యవేణి లారీ దిగొచ్చింది. "ఆయ్, నేను తీస్తానండి."

"వీల్లేదు! నీకు మినహాయింపు!" అన్నారు కమాండెంటు గారు.

"మినహాయింపు వెనక్కి వెళ్ళడానికి సార్. ఇది ముందుకి," అని నేను గుర్తుచేశాను.

ఓబులేసు దిగి కిందే నిలబడ్డాడు. సత్యవేణి ఎక్కింది. అద్దం సర్దుకుంది. ఒకసారి మెడ పూర్తిగా తిప్పి చూసింది. మెడకేమీ కాలేదు. కారు కల్వర్టు అంచులకి జానెడు ఖాళీ కూడా లేకపోయినా, వెన్నలో కత్తి దిగినట్టు వెళ్ళింది. అందరికంటే ముందు దారి కనబడేది జనరల్ గారికే కాబట్టి ఆయన ఊరుకోలేకపోయారు. "రానీ," అన్నారు మెల్లిగా. కొంచెం ఆగి, "రానీ, రానీ," అన్నారు. కల్వర్టు దాటుతుండగా చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, డోరు మీద దబదబా చరుస్తూ, "రైట్ రైట్ రైట్... కొంచెం లెఫ్ట్... రానీ... హోల్డాన్!" అని అరిచారు. అంత సంతోషం నేను ఏ ఆఫీసరు ముఖంలోనూ చూడలేదు.

కారు ఆగింది. బిర్యానీ లారీకి దారి వచ్చింది. కాని సత్యవేణి దిగలేదు.

"అయ్యగారూ, ఒక్క మాటండి. ఇప్పుడు నేను తోలింది ముందుకాండీ, ఎనక్కాండీ?"

వెనక్కి అంటే ఆ పిల్ల పరీక్ష నెగ్గినట్టే, కాని జెండా కారు వెనక్కి పోయినట్టు. ముందుకి అంటే జెండా పరువు నిలుస్తుంది, పిల్ల బ్యాడ్జీ పోతుంది, పదహారు మందివీ పోతాయి, రెండో బ్యాచి కూడా పోతుంది. జనరల్ గారికి కూడా అది అర్థమైంది. ఆయన ముఖంలో సంతోషం తగ్గిపోయింది. జెండా వంక చూశారు.

"ముందుకేనమ్మా," అన్నారు చివరికి, కొంచెం సిగ్గుపడుతూ.

"అయితే సరేనండి. ఇప్పుడు ఎనక్కి తీసి చూపిస్తాను, పరీక్ష రాసుకోండి," అని సత్యవేణి మొదటి గేరు వేసి, మేం ఎక్కడినుంచి వచ్చామో అక్కడికి, లారీ ముక్కు దాకా, చులాగ్గా తోలుకుంటూ వెళ్ళి ఆపింది. జనరల్ గారి ముఖం ఇటే ఉంది. కారు అటు వెళ్ళింది. లోకంలో ఎవరు ఏ కొలత పెట్టి చూసినా అది రివర్సే. నేను "రివర్సు: ఉత్తీర్ణత" అని రాశాను.

"ఇదే పద్ధతిలో మిగతావాళ్ళవి కూడా రాసేస్తే సరి," అన్నాను. నాకప్పటికి చాలా ఆకలిగా ఉంది.

"వద్దండి," అంది సత్యవేణి. "తేరగా వచ్చిన బ్యాడ్జీ పెట్టుకుని రేపు కొండ దారుల్లో ఎదురు బండొస్తే మా వాళ్ళు ఏం చేస్తారండీ? నిజంగా రావాలి. ఒక్కొక్కళ్ళూ ఎనక్కి ఒకసారి, ముందుకి ఒకసారి తోలతారు. నేను పక్కన కూచుంటాను."

అలా మా కేంద్రంలో ఆడపిల్లలకి రివర్సు శిక్షణ మొదటిసారిగా జనరల్ గారి జెండా కార్లో, జనరల్ గారు వెనక సీట్లో ఉండగా మొదలైంది. భోజనం దేక్సాలు దింపి కల్వర్టు గట్టు మీదే వడ్డించారు. జనరల్ గారు ఒక చేత్తో ముక్క కొరుకుతూ, రెండో చేత్తో డోరు చరుస్తూ, "రానీ రానీ" అంటూనే ఉన్నారు. ఒకమ్మాయి బురద అంచు దాకా తెస్తే, "చూసుకోవే తల్లీ, నేనూ పిల్లలు గలవాణ్ణి!" అని కేకేశారు. ఆ అమ్మాయి నవ్వాపుకోలేక బండి ఆపేసి, నవ్వడం అయిపోయాక మళ్ళీ తీసింది. ఈసారి దారం కట్టినట్టు వెళ్ళింది.

"సార్, వీళ్ళు వాస్తవానికి రివర్సు గేరు వాడుతున్నారు!" అని కమాండెంటు గారు ఒకసారి మొర పెట్టుకున్నారు.

"త్రివిక్రమరావ్, నా ముఖం ఎటుంది?"

"అటే సార్."

"అయితే మనం ముందుకే పోతున్నాం. అడ్డు లేవండి, అమ్మాయి వస్తోంది."

టీల వేళకి పదహారు మందీ పూర్తయ్యారు. చూస్తే వరస చివర ఇంకొకరున్నారు. ఓబులేసు. టోపీ చేతిలో పట్టుకుని, "నాగ్గూడా సెప్పు తల్లీ," అన్నాడు. సత్యవేణి పక్కకి జరిగి, "ఎక్కండన్నయ్యా," అంది. ఓబులేసుకి రెండు సార్లు చెప్పాల్సి వచ్చింది. జనరల్ గారు ఓపిగ్గా రెండుసార్లూ డోరు చరిచారు.

జనరల్ గారు తన చేత్తోనే సత్యవేణి భుజానికి బ్యాడ్జీ పెట్టారు. వేళ్ళకి బిర్యానీ నెయ్యి ఉండటం వల్ల అది రెండుసార్లు జారింది. అప్పలస్వామి గారు అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. పిల్లలందరూ ఈలలు వేశారు. ఈల వేయకూడదన్న ఉత్తర్వు ఉందిగాని, నేను ఆ మాట ఎత్తలేదు.

"హెడ్ గుమాస్తా, రాసుకోండి," అన్నారు జనరల్ గారు. "రెండో బ్యాచికి మంజూరు చేయడమైనది. కారణం: జెండా కారుని అవసరానికి వెనక్కి తీయగలవాళ్ళు మన దళంలో ఇంకెవరూ లేరు."

రాశాను. కమాండెంటు గారు గట్టిగా దగ్గారు. జనరల్ గారు నాలిక్కరుచుకుని, "ముందుకి," అన్నారు. నేను "వెనక్కి" కొట్టేసి "ముందుకి" అని దిద్దాను.

సత్యవేణి నా భుజం మీదుగా తొంగి చూసింది. "అది ఎటైనా పర్లేదండి, బాబాయ్ గారూ," అంది. "కింద మా చెల్లి పేరు మాత్రం సరిగ్గా రాయండి. గుబ్బల పెద్దింట్లు."